జ్ఞానాపురం ఇంట్లో పెంటియం ఫోర్

విశాఖపట్నం ద్వారకానగర్‌లో ఒక చిన్న కంప్యూటర్ల దుకాణం ఉండేది. అక్కడ ఎప్పుడు చూసినా ఏదో ఒక కేబినెట్ విప్పుకుని కూర్చునే ఒక అన్నయ్య దగ్గర నేను నేర్చుకున్న మొదటి పాఠం ఇది: పాత కంప్యూటరుపై కొత్త ఆట తడబడుతోందంటే సాధారణంగా ఏదో ఒక భాగం దగ్గర పని ఆగుతూ ఉంటుంది, మిగతా భాగాలన్నీ దాని కోసం ఎదురుచూస్తూ ఉంటాయి. "ముందు ఎక్కడ ఆగుతోందో చూడు బాబూ, డబ్బులు తర్వాత తీద్దువుగాని" అనేవారాయన. కొనడానికి వచ్చిన కుర్రవాణ్ణి, అవసరం లేదనిపిస్తే, కొనవద్దని వెనక్కి పంపిన సందర్భాలు నేను కళ్లారా చూశాను. 2003 నుంచి 2007 దాకా మా కంప్యూటరును వచ్చిన ప్రతి కొత్త ఆటకూ సరిపోయేలా ఒక్కొక్క మెట్టే పైకి తీసుకువెళ్లిన ఆ కాలమంతా నాకు ఆయన మాటతో కలిసే గుర్తుకు వస్తుంది.

అప్పట్లో మా ఇల్లు జ్ఞానాపురంలో ఉండేది. నాన్నగారు పోర్టులో పనిచేసేవారు. నాకు ఇంజనీరింగులో సీటు వచ్చిన సంవత్సరం ఆయన సొసైటీలో లోను పెట్టి కంప్యూటరు కొన్నారు. 2.4 గిగాహెర్ట్జ్ పెంటియం ఫోర్ ప్రాసెసరు, ఇంటెల్ 845జి చిప్‌సెట్ (భాగాల మధ్య సమాచారాన్ని నడిపే చిప్పులు) ఉన్న మదర్‌బోర్డు, 128 మెగాబైట్ల డీడీఆర్ రకం ర్యామ్ (పని జరుగుతున్నప్పుడు వాడే మెమరీ), 40 గిగాబైట్ల హార్డ్ డిస్కు, బల్లపై సగం చోటు ఆక్రమించే పదిహేను అంగుళాల మానిటరు. చదువు కోసమని కొన్నది చదువుకు ఉపయోగపడింది కూడా. సీ భాషలో నా మొదటి ప్రోగ్రాములన్నీ దానిపైన రాసినవే. అయితే ఆ యంత్రం లోపల ఏమి జరుగుతుందో తెలుసుకోవలసిన అవసరం నాకు ఆటల వల్లనే కలిగింది. పాఠ్యపుస్తకంలోని ఏ ప్రోగ్రామూ ఆ ప్రాసెసరుకు చెమట పట్టించేది కాదు. ఆటలు మాత్రం ప్రాసెసరును, మెమరీని, డిస్కును, తెరపై బొమ్మ గీసే చిప్పును ఒకేసారి పనిలోకి దింపి, వాటిలో బలహీనమైనది ఏదో వెంటనే బయటపెట్టేవి.

బోర్డు విషయంలో ఆ అన్నయ్య నాన్నగారికి చేసిన మేలు ఇక్కడ చెప్పాలి. అదే వరుసలో 845జీవీ అనే చవక చిప్‌సెట్‌తో కూడా బోర్డులు దొరికేవి. రెండింటికీ పైకి పెద్ద తేడా కనిపించదు, కానీ జీవీ బోర్డులపై విడిగా గ్రాఫిక్స్ కార్డు పెట్టుకునే ఏజీపీ స్లాటు ఉండదు. "ఇవాళ కార్డు అక్కర్లేదు నిజమే గాని, స్లాటు లేని బోర్డు తీసుకుంటే రేపు కావాలన్నా పెట్టుకోలేరు సార్" అని ఆయన పట్టుబట్టారు. నాన్నగారు ఆ కొద్దిపాటి తేడా చెల్లించడానికి ఒప్పుకున్నారు. తరువాతి కథ అంతా గోధుమరంగు ప్లాస్టిక్‌తో చేసిన ఆ ఒక్క స్లాటు వల్ల సాధ్యమైనదే.

2003లో వైస్ సిటీ అనే ఆట పీసీలకు వచ్చింది. ఆ ఆటకు కనీసం 128 మెగాబైట్ల ర్యామ్, 32 మెగాబైట్ల వీడియో మెమరీ ఉండాలి. మా కంప్యూటరులో 128 ఉన్నాయి గనుక నడవాలని అనిపిస్తుంది. నడిచింది కూడా, కానీ రోడ్డు మలుపు తిరిగిన ప్రతిసారీ బొమ్మ ఆగిపోయేది, హార్డ్ డిస్కు పనిచేస్తున్నప్పుడు వెలిగే, కేబినెట్ ముందున్న ఎర్ర దీపం ఆరకుండా వెలిగేది, కారు గోడను గుద్దుకున్న తరువాత మాత్రమే మలుపు కనిపించేది. కారణం ఏమిటంటే, బోర్డులోనే ఇమిడి ఉన్న గ్రాఫిక్స్‌కు సొంత మెమరీ లేదు. అది ప్రధాన ర్యామ్‌లోంచే తన వాటా తీసుకుంటుంది. ఒకే బిందెలో ఇద్దరు నీళ్లు ముంచుకుంటున్నట్టు, విండోస్ ఎక్స్‌పీ వాడుకోగా మిగిలిన దానిలోంచి ఆటా, గ్రాఫిక్సూ పంచుకోవలసి వచ్చేది. చాలనిదంతా హార్డ్ డిస్కుపైకి వెళ్లి, కావలసినప్పుడు తిరిగి వచ్చేది. ర్యామ్‌తో పోలిస్తే డిస్కు ఎన్నో రెట్లు నెమ్మది. ఆ ఎర్ర దీపం ఆగకుండా వెలగడమే మెమరీ చాలడం లేదనడానికి గుర్తు అని అన్నయ్య చెప్పినప్పుడు, అప్పటిదాకా అలంకారం అనుకున్న దీపం నాకు ఒక సాధనంగా కనిపించింది.

అలా మొదట కొన్నది 256 మెగాబైట్ల ర్యామ్. అప్పటికే బజారులో 400 మెగాహెర్ట్జ్ రకం డీడీఆర్ ఎక్కువగా దొరికేది, మా బోర్డుకు మాత్రం 266 చాలు. వేగం ఎక్కువ ఉన్నది పెడితే పాడవుతుందేమోనని నాన్నగారు అనుమానపడ్డారు. వేగమైన ముక్క నెమ్మది బోర్డులో ఆ బోర్డు వేగానికే దిగి పనిచేస్తుందని, అయితే డీడీఆర్‌కు ముందు తరం ఎస్‌డీ ర్యామ్ ముక్కలకు పిన్నుల సంఖ్యా, గాటు ఉండే చోటూ, తీసుకునే వోల్టేజీ అన్నీ వేరు కాబట్టి అవి అసలు ఇందులో పట్టవని అన్నయ్య రెండు ముక్కలనూ పక్కపక్కన పెట్టి చూపించారు. ఆ ముక్కను యాంటీస్టాటిక్ సంచిలో పెట్టుకుని, చొక్కా జేబులో భద్రంగా దాచుకుని, సైకిలుపై ఇంటికి వచ్చాను. ఆ సాయంత్రం వైస్ సిటీలో సముద్రపు ఒడ్డు రోడ్డంతా ఒక్క ఆగుడు లేకుండా నడిపినప్పుడు కలిగిన ఆనందం, తరువాతి కాలంలో నేను కొన్న మరే ఖరీదైన వస్తువూ ఇవ్వలేదు.

విశాఖలో ర్యామ్ గురించి మాట్లాడితే ఉప్పుగాలి గురించి కూడా మాట్లాడాలి. సముద్రపు తేమకు కేబినెట్ మరలకు తుప్పు పట్టేది, ర్యామ్ కాళ్లపై సన్నని మసక పొర చేరేది. ఒక ఉదయం బటన్ నొక్కితే తెర నల్లగా ఉండిపోయి, లోపలి నుంచి పొడవాటి బీప్ శబ్దాలు మాత్రమే వినిపించేవి. ఊళ్లో కంప్యూటరు ఉన్న ప్రతి ఇంట్లోనూ దీనికి తెలిసిన వైద్యం ఒక్కటే: ప్లగ్గు పీకి, ర్యామ్ బయటికి తీసి, మెత్తని తెల్ల రబ్బరుతో ఆ బంగారు కాళ్లను తేలికగా రుద్ది, పొడి గుడ్డతో తుడిచి, రెండువైపులా క్లిప్పు టక్కుమనేదాకా నొక్కి పెట్టడం. మా అక్క తన పెన్సిలు పెట్టెలో ఒక రబ్బరును దీనికోసమే విడిగా ఉంచేది.

తరువాత 2003 చివర ప్రిన్స్ ఆఫ్ పర్షియా: ద శాండ్స్ ఆఫ్ టైమ్ అనే ఆట వచ్చింది. డిజిట్ పత్రికలో దాని బొమ్మలు చూసినప్పటి నుంచి నాకు మరో ధ్యాస లేదు. ఈసారి ఆట నెమ్మదిగా నడవడం కాదు, మొదలే కాలేదు. దానికి పిక్సెల్ షేడర్లు ఉన్న గ్రాఫిక్స్ చిప్పు తప్పనిసరి. అంటే తెరపైని ప్రతి చుక్క రంగునూ లెక్కగట్టే చిన్న చిన్న ప్రోగ్రాములను నడపగల చిప్పు. బోర్డులోని గ్రాఫిక్స్‌కు ఆ శక్తి లేదు. ఆ రోజుల్లో ఎవరిని అడిగినా జీఫోర్స్ 4 ఎంఎక్స్ 440 అనే గ్రాఫిక్స్ కార్డు కొనమనేవారు. చవక, అంతటా దొరికేది, పేరులో నాలుగు అంకె ఉంది. కానీ ఆ పేరు వెనుక ఉన్నది పాత తరపు నిర్మాణం. 2001లో వచ్చిన జీఫోర్స్ 3లో ఉన్న పిక్సెల్ షేడర్లు దానికి లేవు. పేరులో చిన్న అంకె ఉన్న కార్డుపై నడిచే ఆట, పెద్ద అంకె ఉన్న కార్డుపై నడవదు. నా సహపాఠులలో చాలామంది ఆ కార్డు కొని, ఇంటికి వెళ్లి, ఆట తెరుచుకోకపోతే డిస్కు పాడైందనుకున్నారు.

ఈ విషయం నిరుడు మళ్లీ ఎదురైంది కాబట్టి ఇక్కడే చెబుతాను. మా అక్క కొడుకు తన గదిలోని జీటీఎక్స్ 1050 టీఐ గ్రాఫిక్స్ కార్డు ఉన్న కంప్యూటరు చూపించి, "మావయ్యా, సెట్టింగులన్నీ తగ్గించేస్తే కొత్త ఇండియానా జోన్స్ ఆట నడుస్తుందా?" అని అడిగాడు. 2024 డిసెంబరులో వచ్చిన ఆ ఆటకు హార్డ్‌వేర్ రే ట్రేసింగ్ (కాంతి కిరణాల దారిని చిప్పులోనే లెక్కగట్టే వసతి) ఉన్న కార్డు తప్పనిసరి. 2016లో వచ్చిన ఆ కార్డు, విడిగా కరెంటు తీగ కూడా అడగకుండా ఇన్నేళ్లు ఎన్నో మామూలు కంప్యూటర్లను ఆటలు ఆడించిన మంచి కార్డే అయినా, దానిలో ఆ వసతి లేదు. వేగం తక్కువైతే సెట్టింగులు తగ్గించి సర్దుకోవచ్చు, వసతే లేకపోతే సర్దుబాటు ఉండదు అని, ఇరవై ఏళ్ల కిందట అన్నయ్య నాకు చెప్పిన మాటనే వాడికి చెప్పాను. వాడు కొంత నిరాశపడ్డాడు గాని, కారణం పూర్తిగా అర్థం చేసుకున్నాడు. ఆ అర్థం చేసుకోవడం నాకు ఎంతో సంతోషం కలిగించింది.

సరే, మా పాత కథకు వస్తాను. మేము తీసుకున్నది జీఫోర్స్ ఎఫ్‌ఎక్స్ 5200. అది వేగంలో గొప్పది కాదు, కానీ షేడర్లు ఉన్నాయి. అందులోనూ రెండు రకాలు. పెట్టెపై 128 ఎంబీ అని పెద్ద అక్షరాలతో రెండింటిపైనా ఉండేది. మెమరీకీ చిప్పుకూ మధ్య దారి ఎంత వెడల్పో చాలా పెట్టెలపై ఉండేది కాదు. 64 బిట్ల దారి ఉన్న కార్డు ఒకసారి మోసుకురాగలిగే సమాచారం, 128 బిట్ల దారి ఉన్నదానిలో సగమే. ధరలో తేడా కొంచెమే, ఆటలో తేడా ఎంతో. దుకాణంలో ఆ రెండవ రకం అప్పటికి లేకపోతే, అది తెప్పించేదాకా ఆగమని అన్నయ్య అన్నారు. ఆగాము. నాన్నగారు మాత్రం రోజూ డ్యూటీ నుంచి వస్తూనే "మీ కార్డు వచ్చిందటరా?" అని అడిగేవారు. తనకు ఆటలపై ఏమాత్రం ఆసక్తి లేకపోయినా, నా నిరీక్షణలో ఆయనకూ భాగం ఉండేది.

కార్డు పెట్టడం తేలిక. పని దాని తరువాతే ఉంది. బయోస్‌లోకి (బోర్డు సొంత సెట్టింగులలోకి) వెళ్లి మొదటి డిస్‌ప్లే ఏజీపీ అని మార్చాలి, పాత ఇంటెల్ డ్రైవరు (కార్డును విండోస్‌తో కలిపే ప్రోగ్రాము) తీసివేయాలి, కొత్త డ్రైవరు ఎక్కించాలి. డబ్బాతో వచ్చిన సీడీలోని డ్రైవరు పాతది. మా ఇంట్లో ఉన్న డయలప్ కనెక్షనులో పదుల మెగాబైట్ల ఫోర్స్‌వేర్ డ్రైవరు ఫైలు దించడం అంటే రాత్రంతా ఫోను ఎంగేజ్ పెట్టడమే. అందుకని నెట్ సెంటరులో దించుకుని, సీడీలో రాయించుకుని తెచ్చుకునేవాణ్ణి. కొత్త డ్రైవరు వచ్చినప్పుడల్లా ఏదో ఒక ఆటలో కొద్దిగా వేగం పెరిగేది, మరో ఆటలో నీడలు తప్పుగా పడేవి. ఏ ఆటకు ఏ డ్రైవరు నచ్చుతుందో ఒక నోటుపుస్తకంలో రాసుకునేవాణ్ణి.

శాండ్స్ ఆఫ్ టైమ్ నడిచింది. 800 బై 600 రిజల్యూషన్‌లో (అడ్డంగా, నిలువుగా తెరపైని చుక్కల సంఖ్య), నీడలు తగ్గించి, నిండుగా నడిచింది. రాజభవనం గోడల వెంట యువరాజు పరుగెత్తడం, వేసిన అడుగు తప్పితే కాలాన్నే వెనక్కి తిప్పుకోవడం, కిటికీలోంచి పడే వెలుతురు చుట్టూ మసకగా వ్యాపించే ఆ కాంతి! ఆ కాంతి పిక్సెల్ షేడర్ల పని అని నాకు తెలుసు, తెలిసినందువల్ల అది మరింత అందంగా కనిపించింది. అమ్మ వంట మధ్యలో వచ్చి నిలబడి, "ఇదంతా ఆ చిన్న ముక్కే గీస్తోందా?" అని అడిగింది. అవునని చెప్పి, తెర ఒక్కసారి మారడానికి అది ఎన్ని లక్షల చుక్కల రంగు లెక్కగడుతుందో వివరించాను. అమ్మ శ్రద్ధగా విన్నది.

2005లో శాన్ ఆండ్రియాస్ అనే ఆట వచ్చింది. దానికి సిఫారసు చేసిన ర్యామ్ 384 మెగాబైట్లు, వీడియో మెమరీ 128. మా కంప్యూటరులో సరిగ్గా అంతే ఉన్నాయి. ఆట మొదట బాగానే నడిచేది. కొంతసేపయ్యాక ఉన్నట్టుండి నెమ్మదించేది. ఆగిపోదు, విండోస్ దెబ్బతినదు, అన్నీ సగం వేగంతో కదులుతాయి. ఆపి, కాసేపాగి మళ్లీ పెడితే మళ్లీ బాగుంటుంది. ఆ ఎర్ర దీపం ఈసారి ప్రశాంతంగానే ఉంది. ఇది నన్ను ఎంతగానో పీడించిన సమస్య, దీని పరిష్కారమే నాకు అన్నిటికంటే ఇష్టమైన జ్ఞాపకం.

అన్నయ్య విని, "కేబినెట్ పక్క తలుపు తీసేసి, టేబుల్ ఫ్యాను దాని మీదికి తిప్పి ఆడి చూడు" అన్నారు. అలా చేస్తే ఎంతసేపు ఆడినా వేగం తగ్గలేదు. అంటే వేడి. పెంటియం ఫోర్‌లో ఒక రక్షణ ఏర్పాటు ఉంది. వేడి హద్దు దాటితే ప్రాసెసరు కాలిపోకుండా తన పని వేగాన్ని నిర్ణయించే గడియారపు స్పందనలలో కొన్నింటిని తానే వదిలేస్తుంది. చల్లబడగానే మళ్లీ మామూలు వేగానికి వస్తుంది. పాతకాలపు ప్రాసెసర్లు వేడెక్కితే కంప్యూటరు నిలిచిపోయేది, ఇది మాత్రం నెమ్మదిస్తుంది, అందుకే కారణం వెంటనే తట్టదు.

ప్లగ్గు పీకి, ఫ్యాను విప్పి చూస్తే, ప్రాసెసరు వేడిని లాగే హీట్‌సింకు రేకుల మధ్య నల్లటి దుమ్ము గట్టిగా పట్టి ఉంది. జ్ఞానాపురంలో పెరిగినవారికి ఆ నలుపు గురించి చెప్పనక్కరలేదు. పోర్టులో ఎక్కించి దించే బొగ్గు, ఇనుప ఖనిజం గాలిలో కలిసి మా ఇళ్లలోకి వచ్చేవి. డాబాపై ఆరవేసిన బట్టలను దులిపి గాని లోపలికి తెచ్చేవాళ్లం కాదు, కిటికీ గట్టుపై వేలితో గీస్తే గీత పడేది. అదే ధూళి మా ప్రాసెసరుపైని రేకుల మధ్య చేరి, సముద్రపు తేమకు ముద్దకట్టి, గాలి దారి మూసివేసింది. ఎక్కడో స్కాట్లాండులో రాసిన ఆట మా ఇంట్లో నెమ్మదించడానికి కారణం మా పోర్టు గాలి అని తెలిసినప్పుడు, నాకు ఆ యంత్రం నిజంగా మా ఊరిదే అనిపించింది.

శుభ్రం చేయడంలో ఒక జాగ్రత్త అన్నయ్య ముందే చెప్పారు. మా ప్రాసెసరు కూర్చునే సాకెట్ 478లో హీట్‌సింకు అడుగున పూసిన పేస్టు ఎండి గట్టిపడితే, హీట్‌సింకును నేరుగా పైకి లాగినప్పుడు ప్రాసెసరు కూడా దానితోపాటు సాకెట్ లోంచి ఊడి వస్తుంది, పిన్నులు వంగుతాయి. అందుకని కాసేపు కంప్యూటరు నడిపి పేస్టు వెచ్చబడ్డాక ఆపి, ప్లగ్గు పీకి, రెండు మీటలూ ఎత్తి, హీట్‌సింకును కొద్దిగా అటూ ఇటూ మెలితిప్పి, అప్పుడు తీయాలి. అలాగే చేశాను. పెయింటు బ్రష్షుతో రేకులు దులిపి, పాత పేస్టు స్పిరిటుతో తుడిచి, కొత్త పేస్టు బఠాణీ గింజంత పెట్టి బిగించాను. ఒక్క రూపాయి భాగమూ మార్చకుండా ఆట మొదటి నుంచి చివరిదాకా ఒకే వేగంతో నడిచింది. ఆ తరువాత ప్రతి వేసవికి ముందూ ఈ పని మా ఇంట్లో సున్నం వేయడంలా తప్పనిసరి అయింది.

ఏ భాగం దగ్గర పని ఆగుతోందో తేల్చడానికి ఆయన నేర్పిన పరీక్ష ఇప్పటికీ పనికొస్తుంది. తెర మూలలో సెకనుకు గీసే ఫ్రేముల (బొమ్మల) సంఖ్య చూపించే ఫ్రాప్స్ అనే ప్రోగ్రాము పెట్టుకుని, ఆటలో ఒకే చోట నిలబడి, రిజల్యూషన్ 1024 బై 768 నుంచి 640 బై 480కి తగ్గించాలి. ఫ్రేములు బాగా పెరిగితే ఆపుతున్నది గ్రాఫిక్స్ కార్డు. అంకె కదలకపోతే ప్రాసెసరు. శాన్ ఆండ్రియాస్‌లో ఆ పరీక్ష చేస్తే అంకె గబగబా పెరిగింది. అంటే కార్డు మార్చే సమయం వచ్చింది.

ఈసారి కొత్తది కొనలేదు. సీతమ్మధారలో ఒక సీనియరు, ఎం.ఎస్. చదవడానికి అమెరికా వెళ్తూ తన జీఫోర్స్ 6600 జీటీ అమ్ముతున్నాడని తెలిసి వెళ్లాను. ఆ కార్డుకు స్లాటు నుంచి వచ్చే కరెంటు చాలదు, హార్డ్ డిస్కుకు ఇచ్చేలాంటి నాలుగు పిన్నుల తీగ విడిగా కావాలి. మా కేబినెట్‌తో వచ్చిన ఎస్‌ఎంపీఎస్ (భాగాలన్నిటికీ కరెంటు అందించే పెట్టె) పై పెద్ద వాట్ల సంఖ్య అంటించి ఉన్నా, ఆట మొదలయ్యే క్షణంలో కంప్యూటరు రీస్టార్ట్ అయ్యేది. ప్రాసెసరూ, గ్రాఫిక్స్ కార్డూ తాగేది ఎక్కువగా 12 వోల్టుల తీగనుంచే కాబట్టి మొత్తం వాట్ల కన్నా ఆ తీగ ఎన్ని ఆంపియర్లు ఇస్తుందో చూడాలని అన్నయ్య చెప్పి, రెండు ఎస్‌ఎంపీఎస్‌లు నా చేతుల్లో పెట్టారు. బరువైనది ఏదో వెంటనే తెలిసింది. లోపల రాగి, ఇనుము, అల్యూమినియం నిజంగా ఉన్నది అదే. మరో 512 మెగాబైట్ల ర్యామ్ కూడా అప్పుడే వేశాము. 2005 చివర వచ్చిన నీడ్ ఫర్ స్పీడ్ మోస్ట్ వాంటెడ్‌ను ఆ యంత్రం 1024 బై 768లో, తడి రోడ్డుపై ఆకాశం మెరుస్తుండగా, చక్కగా నడిపింది. వీధిలోని పిల్లలంతా మంచంపై వరుసగా కూర్చుని వంతులు వేసుకునేవారు. కరెంటు పోతే యూపీఎస్ కూత మొదలయ్యేది, అందరూ ఒక్కసారి "సేవ్ చెయ్యి, సేవ్ చెయ్యి" అని అరిచేవారు.

2007 నాటికి రిజల్యూషన్ పరీక్షలో అంకె కదలడం మానేసింది. ఇప్పుడు ఆపుతున్నది ప్రాసెసరు. దానిని మార్చాలంటే సాకెట్ మారాలి, సాకెట్ మారితే బోర్డు మారాలి, కొత్త బోర్డులలో ఏజీపీ స్థానంలో పీసీఐ ఎక్స్‌ప్రెస్ ఉంది కాబట్టి కార్డు మారాలి, ర్యామ్ కూడా డీడీఆర్ రెండవ తరానికి మారాలి. మిగిలేది కేబినెట్, మానిటరు మాత్రమే. "ఇక దీని మీద పైసా పెట్టకు, పెడితే కొత్తదానికి పెట్టు" అని అన్నయ్యే చెప్పారు. అప్పటికి బోర్డుపై ప్రాసెసరు పక్కనున్న కెపాసిటర్ల తలలు ఉబ్బి ఉన్నాయి. ఆ సంవత్సరాల్లో తయారైన ఎన్నో బోర్డులకు అదే జబ్బు. వాటిని ఊడదీసి, అంతే మైక్రోఫారడ్లు, అంతకు తగ్గని వోల్టేజీ ఉన్న మంచివి టంకం వేసి ఇచ్చారు. పని కూలీ మాత్రమే తీసుకున్నారు.

ఆ కంప్యూటరును అనకాపల్లిలో పిన్ని వాళ్లింటికి ఇచ్చాము. ర్యామ్, కార్డు, బరువైన ఎస్‌ఎంపీఎస్ అన్నీ దానితోనే పంపాము. పిన్ని కొడుకు దానిపై ఇంటర్ మొత్తం మోస్ట్ వాంటెడ్ ఆడాడు, డిగ్రీ ప్రాజెక్టు కూడా దానిపైనే చేశాడు. పండక్కి వెళ్లినప్పుడు హీట్‌సింకు దులపడం వాడికి నేర్పాను. అనకాపల్లి ఇంట్లో పేరుకున్న దుమ్ము మాత్రం నల్లగా లేదు, మామూలు మట్టిరంగులో ఉంది.